పసుపు అంచు మొక్క

రామచంద్రపురం,
26 నవంబరు 2024.

వదినగారికి,

వందనాలు. ప్రభువు నామమున అని మొదలుపెట్టడం మనకు అలవాటే. కానీ మొన్న ఆదివారం నిడదవోలులో కోతల పండుగనాడు ఆయన మందిరం మెట్ల మీద మనిద్దరం అనుకున్న మాటలు గుర్తొస్తే, ఆయన పేరు ఈ ఉత్తరంలోకి లాగడానికి సిగ్గుగా ఉంది.

ఇక బతికుండగా మీతో మాట్లాడనని అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. రాయనని మాత్రం అనలేదు. ఫోను చెయ్యకండి, ఎత్తను. వాట్సాప్ కూడా నా దృష్టిలో మాట కిందే లెక్క.

విషయం ఒక్కటే. అమ్మ పోయాక నిడదవోలు ఇంట్లో సామాన్లు పంచుకున్నప్పుడు నేను బీరువా అడగలేదు. ఇత్తడి గంగాళం అడగలేదు. కుట్టుమిషను మీరు తీసుకుంటే కిక్కురుమనలేదు. వరండాలో ఉండే అమ్మ పాము మొక్క ఒక్కటి అడిగాను. కత్తుల్లా నిలువుగా లేచే ఆకులు, ఒక్కో ఆకుకి రెండువైపులా పసుపు అంచు. అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచేది. మా ముగ్గురు పిల్లల ముఖాలు అంత శ్రద్ధగా తుడిచిందో లేదో నాకు తెలీదు. "మొక్క ఒక్కటే ఉంది కృపా, ఆకులిస్తాను, నాటుకో" అన్నారు మీరు. రెండాకులు పేపర్లో చుట్టి చేతిలో పెట్టారు. బస్సుకి టైమైపోతోందని నేను విప్పి చూడలేదు. ఇంటికొచ్చాక మా ఆయన నాటారు. ఆయన ఏం నాటారో ఆయనకే గుర్తుండదు. నేను పట్టించుకునేసరికి ఆ ఆకులు ఎండి రాలిపోయాయి.

ఏడాదిన్నర పెంచితే వచ్చిన పిలకలన్నీ ఉత్త పచ్చవి. అంచు లేదు. పోనీలే, అమ్మ మొక్క పిల్లలే కదా అని కుండీకి రంగు వేయించి, "అమ్మ జ్ఞాపకార్థం, కృపారాణి" అని కార్డు పెట్టి, పండుగనాడు అందరూ తెచ్చిన పంటలతో పాటు బలిపీఠం ముందుంచాను. మీరు మూడో వరసలోంచి, "అదేంటి, మా అత్తగారి మొక్కకి అంచుండాలి కదా" అన్నారు. గుమ్మడికాయలు మోసుకొచ్చిన వాళ్ళు కూడా నవ్వారు.

నిడదవోలులో పచ్చ పాము మొక్క ప్రతి గోడ పక్కనా ఉంటుంది. అందులోవి రెండాకులు చుట్టి ఇచ్చి, అమ్మ మొక్కని మీరే ఉంచుకున్నారా? సూటిగా అడుగుతున్నాను. సూటిగా చెప్పండి.

ఇట్లు,
ముప్ఫై ఒక్క ఏళ్ళు బోటనీ చెప్పిన మీ ఆడపడుచు
కృపారాణి


నిడదవోలు,
4 డిసెంబరు 2024.

మహారాజశ్రీ బోటనీ లెక్చరర్ గారికి,

మొన్నటిదాకా కృపా అని పిలిచిన నోటితో గారు అనాల్సొచ్చింది. దొంగలు మర్యాదగా మాట్లాడాలి కదండీ.

ముందు ఒక తప్పు దిద్దుకోండి. నేనన్నది మూడో వరసలోంచి కాదు, నాలుగో వరసలోంచి. మూడో వరస మీ పుట్టింటి వాళ్ళది. నలభై ఏళ్ళు కావస్తున్నా నన్నింకా అందులోకి రానివ్వలేదు.

ఆకులు ఆ మొక్కవే. నా కూరగాయల కత్తితో నేనే కోశాను. రెండింటికీ అంచులున్నాయి. మీ అన్నయ్య పక్కనే నిలబడి చూశారు. అయితే మీ అన్నయ్య సాక్ష్యం కోర్టులో నిలవదని నాకూ తెలుసు. కూరలో ఉప్పెయ్యడం మర్చిపోయినా గుర్తుపట్టని మనిషి ఆయన.

నా ఉద్దేశం చెప్పనా? తప్పంతా మీ చేతిదండి. అది నీళ్ళు పెద్దగా అక్కర్లేని మొక్క. మీరేమో పిల్లలకి నోట్సు చెప్పినట్టు, దానికి కావాలో వద్దో చూడకుండా పోస్తూనే ఉంటారు. మొక్క విసుగెత్తి అంచు మానేసి ఉంటుంది. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని, నాకింతకన్నా తెలీదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పినవారు మీరు. అంచున్న ఆకుకి అంచు లేని పిలక ఎందుకు పుట్టిందో మీరే చెప్పండి, వింటాం.

మీ అన్నయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. పోస్టుమాన్ రాగానే "కృప ఏమంది?" అని అడుగుతారు. "నన్ను దొంగంది" అంటే "అలాగా" అని టీవీ పెట్టుకుంటారు.

ఇట్లు,
కుట్టుమిషను కాజేసిన
సంపూర్ణమ్మ


రామచంద్రపురం,
15 డిసెంబరు 2024.

వదినగారికి,

మొక్కలు విసుగెత్తి అంచులు మానేయవు. ఇది ఇంటర్ మొదటి ఏడాది పాఠం, మీ కోసం మళ్ళీ చెబుతాను.

ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. ఆకు ఎలా ఉండాలి, ఎంత ఎత్తు లేవాలి, ఏ రంగు రావాలి, అన్నీ వాటిలోనే రాసి ఉంటాయి. విత్తనం నుంచి వచ్చిన మొక్కకి తల్లి పోలిక తప్పవచ్చు, ఎందుకంటే తండ్రి వాటా కూడా కలుస్తుంది. ఆకు నుంచి వచ్చినదానికి తండ్రే లేడు. అచ్చంగా తల్లే. అంచున్న తల్లికి అంచున్న పిల్లే పుట్టాలి. పుట్టలేదంటే ఆ ఆకు ఆ తల్లిది కాదు. సైన్సు అబద్ధం చెప్పదు వదినా. చెప్పేది మనుషులే.

మరో అవకాశం ఇస్తున్నాను. సంఘ పెద్ద చిట్టియ్య గారిని మీ ఇంటికి రమ్మన్నాను. ఆయన కళ్ళెదుట ఒక ఆకు కోయండి. ఆయనే నాకు తెచ్చిస్తారు.

ఇంగ్లీషులో ఈ మొక్కని అత్తగారి నాలుక అంటారు. పొడవూ పదునూ చూసి పెట్టి ఉంటారు. అమ్మ మీద మీకున్న అభిప్రాయం తెలుసు గనక, ఈ సంగతి విని సంతోషిస్తారని రాస్తున్నాను.

కృపారాణి


నిడదవోలు,
7 జనవరి 2025.

లెక్చరర్ గారికి,

అత్తగారి నాలుకా! ఇన్నేళ్ళూ నేను నీళ్ళు పోసి పెంచింది దాన్నా! మీ ఉత్తరం చదివి వరండాలోకి వెళ్ళి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్కింటి వాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. ఈ ఒక్క ముక్క నేర్పినందుకు మీ బోటనీకి నా నమస్కారం.

చిట్టియ్య గారు వచ్చారు. ఆకు కోసేముందు ప్రార్థన చెయ్యాలన్నారు. ఆదాముతో మొదలుపెట్టి మా ఆకు దాకా వచ్చేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి. మళ్ళీ వేడి చేసి పెడితే ఎనిమిది తిన్నారు. ఆకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "రెండువైపులా అంచు కలదు" అని పైకి చదివారు, అక్కడ ఏదో రాసి ఉన్నట్టు. తర్వాత మార్కర్ పెన్నుతో ఆకు మీద సంతకం పెట్టి తారీఖు వేశారు. మా పెళ్ళి రిజిస్టరులో సంతకానికి కూడా ఇంత సేపు పట్టలేదు.

ఇప్పటికి మీ సైన్సు కోసం ఆ మొక్కవి మూడాకులు పోయాయి. ఆరున్నాయి. దొంగతనం నిరూపించడానికి ఇంకెన్ని కావాలో ముందే చెప్తే కోసి పెట్టుకుంటాను.

మీ ఆయన, శ్యాంబాబు అన్నయ్యగారికి షుగరు ఎలా ఉందో రాయండి. ఆయనతో నాకు తగాదా లేదు.

ఇట్లు,
ముద్దాయి
సంపూర్ణమ్మ


రామచంద్రపురం,
21 జూన్ 2025.

వదినగారికి,

ఆకుని నేనే నాటాను. ఈసారి మా ఆయన్ని కుండీ దగ్గరికి కూడా రానివ్వలేదు. ఎండలకి ఇక్కడ కాకులు కూడా అరవడం మానేశాయి. అయినా దాన్ని నీడలో పెట్టి, కొలత ప్రకారం నీళ్ళు పోసి కాపాడుకున్నాను. వేరు పట్టింది. ఈ వారం అడుగున పిలక లేచింది.

పచ్చది.

చిట్టియ్య గారి సంతకం ఉంది. సంతకం పక్కన అంచుంది. కింద చూస్తే పచ్చ పిలక నిలబడి నన్నే చూస్తోంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

మీరు ఆకు మార్చారని ఇక అనలేను. కానీ ఏదో చేశారు. కోసేముందు వేడినీళ్ళలో ముంచారా? లేకపోతే ఇవ్వడం ఇష్టం లేని మనసుతో ఇచ్చారు. అలా ఇస్తే ఏదీ కలిసిరాదని అమ్మ అనేది. ఇది రాయడానికి నాకే నామోషీగా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే పొద్దున దాని ముందు కూర్చుని ఏడ్చాను. బీరువా వద్దన్నాను, గంగాళం వద్దన్నాను. అమ్మ చెయ్యి తగిలిన ప్రాణమున్న వస్తువు ఒక్కటి నా ఇంట్లో ఉండాలనుకున్నాను. అదీ నాకు రాలేదు.

కృపారాణి


నిడదవోలు,
5 జులై 2025.

లెక్చరర్ గారికి,

ఆకుని వేడినీళ్ళలో ముంచడానికి అదేమన్నా బచ్చలికూరా? ముప్ఫై ఒక్క ఏళ్ళు జన్యువులు చెప్పి, చివరికి దిష్టి దగ్గరికి వచ్చారన్నమాట. మీ దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో పాపం.

ఇలా రాసి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఏడ్చానన్నారు. అదొక్కటీ మనసులోంచి పోలేదు. మీ అన్నయ్య రైల్వే పాసు తీసుకుని, ఆయన్ని తోడు పెట్టుకుని పాసింజరెక్కి కడియం వెళ్ళాను. స్టేషనులో దిగితే వాన. ఆటోలో ఒక నర్సరీకి వెళ్తే, బుల్లబ్బాయి అని ఒకాయన గొనెపట్టా కప్పుకుని సంచుల్లోకి కొబ్బరిపొట్టు ఎత్తుతున్నాడు. కథంతా చెప్పాను. సంతకం దగ్గరికి వచ్చేసరికి గంప కింద పెట్టేసి నవ్వడం మొదలెట్టాడు.

"ఆకు నాటితే అంచు రాదండీ. ఆరు నెలలు కాదు, ఆరేళ్ళు నాటినా రాదండి. పిలకతో సహా దుంప కోసి నాటాలండి, ఆయ్. ఇది మా నర్సరీలో సంచులెత్తే ఆడోళ్ళందరికీ తెలుసండి."

"ఎందుకు రాదు బాబూ?" అన్నాను.

"ఎందుకంటే, రాదండి. కారణాలు కావాలంటే చదువుకున్నోళ్ళని అడగండమ్మా."

"చదువుకున్నావిడ మా ఇంట్లోనే ఉంది. ఆవిడే నన్ను దొంగంటోంది" అన్నాను. అతను నవ్వాపుకోలేక మొక్కల వెనక్కి వెళ్ళిపోయాడు. మీ అన్నయ్య కూడా నవ్వారు. మీ అన్నయ్య నవ్వడం నేను చూసి చాలా కాలమైంది, అందుకు మీకు కృతజ్ఞతలు.

కాబట్టి లెక్చరర్ గారూ, కారణం మీరు చెప్పండి. సంచులెత్తే వాళ్ళందరికీ తెలిసినది మీకెందుకు తెలీలేదో కూడా కలిపి చెప్పండి.

సంపూర్ణమ్మ


రామచంద్రపురం,
16 జులై 2025.

వదినా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత అటక మీదనుంచి నా పాత నోట్సుల పెట్టె దింపించాను. బుల్లబ్బాయి చెప్పిన సంగతే 1998 నోట్సులో, నలభై రెండో పేజీలో, నా చేతిరాతతోనే, కింద ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఉంది. పరీక్షలో వచ్చే ప్రశ్న అని పక్కన చుక్క కూడా పెట్టాను. ఏటా చెప్పాను. ఒక్క ఏడు కూడా పాము మొక్క నాటి చూడలేదు.

కారణం ఇదీ. మొక్క పెరిగే కొసన కణాలు పూతరేకు మడతల్లా పొరలు పొరలుగా ఉంటాయి. ఎప్పుడో, ఎక్కడో, పై పొరలో ఒక కణంలో ఒక జన్యువు చెడింది. ఆ కణం పచ్చదనం తయారుచెయ్యడం మరిచిపోయింది. అది రెండైంది, రెండు నాలుగయ్యాయి, పై పొరంతా దాని సంతానమే అయింది. లోపలి పొర మాత్రం మామూలుగా పచ్చగానే ఉంది. అంటే ఒకే మొక్కలో రెండు రకాల కణాలు కాపురం చేస్తున్నాయి. ఆకు అంచు పై పొరది, అందుకే పసుపు. మధ్య భాగం లోపలి పొరది.

ఆకు కోసి నాటితే కొత్త పిలక లోపలి కణాల నుంచి పుడుతుంది. అంచు కణాలు అందులోకి రావు. అందుకే పచ్చది. దుంప మీద వచ్చే పిలక మొగ్గలో అయితే పొరలన్నీ వరసగా ఉంటాయి, అంచు నిలుస్తుంది. ఆకుకి తండ్రి లేడు, అచ్చంగా తల్లే అని మీకు పాఠం చెప్పాను చూడండి, తల్లిలోనే ఇద్దరున్నారని మర్చిపోయాను.

ఇంకొక మాట. పచ్చదనం లేని కణం సొంతంగా తిండి చేసుకోలేదు. ఆ పసుపు అంచంతా లోపలి పచ్చ కణాలు వండిపెడితే తిని బతికేదే. వచ్చినవాళ్ళు మెచ్చుకునేది మాత్రం అంచుని.

మీరు దొంగ కాదు. చర్చి మెట్ల మీద అందరి ముందూ అన్నాను గనక, అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, మీకు తెలుసు. నేర్చుకుంటున్నాను.

పిలక అడగడానికి నోరు రావడం లేదు. ఉన్నది ఒక్క మొక్క, అందులో నా వల్ల మూడాకులు పోయాయి. ఈ వానల్లో దుంప కోస్తే రెండు ముక్కలూ కుళ్ళిపోవచ్చు. మీరు వద్దంటే వద్దు.

మీ
కృప


నిడదవోలు,
24 ఆగస్టు 2025.

కృపా,

నిన్ను గారూ మీరూ అనడం ఇక నావల్ల కాదు. ఉత్తరం రాసిన ప్రతిసారీ నోరు నొప్పెట్టేది.

నీ అంచు సంగతి చదివి ఆ రోజు వంట ఆలస్యం చేశాను. ఒకరు వండిపెడితే తిని, వచ్చినవాళ్ళ మెచ్చుకోలు కూడా తామే తీసుకునే కణాలు! ఈ పాఠం నాకు పుస్తకం లేకుండానే ముప్ఫై తొమ్మిదేళ్ళు జరిగిందమ్మా. పరీక్ష పెడితే ఫస్టు వచ్చేదాన్ని.

నిన్న దుంప కోశాను. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాసిందని చూసి కుండీ పగలగొట్టాను. కత్తి కాల్చి, చల్లార్చి, పిలక ఉన్న చోటు చూసి కోశాను. ప్రార్థనకి చిట్టియ్య గారిని పిలవలేదు, ఇడ్లీపిండి లేదు. కోసిన చోట బూడిద రాశాను. నీ ముక్క మీ అన్నయ్యతో పంపుతున్నాను. ఎలాగూ రెండు రోజులు నీ ఇంట్లో తిని గాని రారు. వారం దాకా నీళ్ళు పొయ్యకు.

ఇప్పుడు చెప్తాను విను. ముందే చెప్తే, ఇవ్వడం ఇష్టం లేక కథలు చెబుతోందని అనుకునేదానివి.

అది మీ అమ్మ మొక్క కాదు. మా అమ్మది. 1985లో పెళ్ళై వచ్చినప్పుడు కొవ్వూరు నుంచి డాల్డా డబ్బాలో తెచ్చుకున్నాను. నువ్వప్పుడు రాజమండ్రి హాస్టల్లో ఉన్నావు. పాముల్లాంటి ఆకులు ఇంట్లోకి తెస్తావా అని మీ అమ్మ దాన్ని పెరట్లో మరుగుదొడ్డి పక్కన పెట్టించింది. మూడేళ్ళు అక్కడే ఉంది. ఒకసారి పాస్టరమ్మగారు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, "ఎంత బాగుందండీ ఈ అంచు, ఎక్కడ సంపాదించారు?" అని అడిగారు. మర్నాటికి అది వరండాలోకి వచ్చేసింది. మీ అమ్మ తడిగుడ్డతో తుడిచింది నిజమే. ఆవిడ ముట్టుకున్నవాటిలో నేను తెచ్చినది అదొక్కటే. అందుకని నేనూ ఏమీ అనలేదు. మెట్ల మీద నువ్వు దొంగ అన్నప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. పోయిన మనిషిని గురించి ఆ మెట్ల మీద అనలేకపోయాను.

అలాగని నన్ను మరీ మంచిదాన్ని చెయ్యకు. బుల్లబ్బాయి మాట విన్నాక, మా అమ్మ ఆ డబ్బా చేతిలో పెడుతూ అన్నది గుర్తొచ్చింది. "ఎవరికైనా ఇస్తే పిలకే ఇవ్వు, ఆకిస్తే ఇచ్చినట్టు కాదు" అంది. అప్పుడే గుర్తొచ్చిందా, నీకు ఆకులు చుట్టి ఇచ్చేటప్పుడు కూడా గుర్తుందా అని అడగకు. ఆ సంగతి నాకూ ప్రభువుకూ మధ్య ఉండనీ. నువ్వన్న మాట మొత్తం అబద్ధం కాదని మాత్రం ఒప్పుకుంటాను.

నీ పచ్చవి పారెయ్యకు. ఒకటి మీ అన్నయ్యతో పంపు. తిండిపెట్టే కణాలని నువ్వే రాశావు కదా, నా వంటింటి కిటికీలో పెట్టుకుంటాను.

మీ వదిన
సంపూర్ణమ్మ


రామచంద్రపురం,
17 నవంబరు 2025.

వదినా,

రెండు నెలలు దాటినా జవాబు రాయలేదని అన్నయ్యతో కబురు పెట్టారు. ఏం రాయాలో తెలీలేదు. మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. మొదటిదాంట్లో అమ్మని వెనకేసుకొచ్చాను. రెండోదాంట్లో అమ్మని తిట్టాను. మూడోదాంట్లో మళ్ళీ జన్యువులు రాశాను.

మీ పిలక బతికింది. ఒక పక్క కొంచెం కుళ్ళితే కోసేసి మళ్ళీ నాటాను. నాలుగు రోజుల క్రితం కొత్త ఆకు విచ్చుకుంది. బొటనవేలంత ఉంది. రెండువైపులా అంచుంది. మా ఆయన కూడా గమనించి, "ఇదేంటి, దీనికి పసుపు రంగేశావా?" అన్నారు.

ఈ ఆదివారమే కోతల పండుగ. ఆ కుండీ తెస్తున్నాను. బలిపీఠం ముందు పెట్టాక మెట్ల మీద నిలబడి నేను చెప్పాల్సినది చెబుతాను. ఆ తర్వాత వచ్చి నాలుగో వరసలో కూర్చుంటాను, కాస్త చోటుంచండి.

కార్డు మీద నా పేరు వద్దు. మీ అమ్మగారి జ్ఞాపకార్థం అని రాద్దామని పెన్ను తీశాను. అక్కడ ఆగిపోయాను. పెళ్ళికి వచ్చినప్పుడు చూశాను, పురుళ్ళకి వచ్చినప్పుడు ఆవిడ చేతి పులుసు తిన్నాను, ఆవిడ పోతే కొవ్వూరు వచ్చి దండ వేశాను. మా ఇంట్లో అందరం కొవ్వూరు అత్తయ్యగారనే అనేవాళ్ళం. అన్నయ్యకి ఫోన్ చేసి అడిగితే, "అదేనే, కొవ్వూరావిడ" అన్నాడు. నలభై ఏళ్ళు, వదినా. ఆవిడ పేరేంటో మాలో ఒక్కరికీ తెలీదు.

మీరు పోస్టులో జవాబు రాస్తే పండుగ దాటిపోతుంది. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యండి, ఎత్తుతాను. మాట్లాడనని అన్నది నేను గనక నేను మాట్లాడను. మీరు ఆవిడ పేరు చెప్పండి, నేను వింటాను.

మీ
కృప